ఏ సమ్మయ్య పైసలివి?

మిర్చి సీజన్ వచ్చిందంటే అడ్తి దుకాణంలో పద్దు మీద పద్దు. అన్నింటినీ కంప్యూటర్లో ఒకే పెద్ద షీటులో కుక్కేస్తే ఏమవుతుంది? ఏది ఏ పట్టికలో ఉండాలి, ఒకదానికొకటి ఎలా ముడిపడాలి? చిన్న దుకాణాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే చిక్కు ఇది.

జనవరి దాటిందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఎర్రబడుతుంది. ములుగు, భూపాలపల్లి, పర్కాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి ట్రాలీల్లో, డీసీఎంలలో మిర్చి బస్తాలు దిగుతాయి. తేజ, వండర్ హాట్, 341... ఆ పక్కనే టమాటాలా గుండ్రంగా ఉండే చపాటా. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఈ చపాటాకే. పొద్దున్నే జెండా పాట. ఆ తర్వాత కాంటాలు, తక్‌పట్టీలు, హమాలీ లెక్కలు.

ఈ హడావుడి మధ్యలో ఓ చిన్న అడ్తి దుకాణాన్ని ఊహించుకోండి. సేటు, ఓ పాత గుమాస్తా, డిగ్రీ పూర్తిచేసి వచ్చిన సేటు కొడుకు. కంప్యూటర్ తెచ్చింది ఆ అబ్బాయే. ఎక్సెల్ తెరిచి పై వరుసలో శీర్షికలు రాశాడు. తేదీ, రైతు పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోను, మిర్చి రకం, బస్తాలు, తూకం, ధర, ఖరీదుదారు, ఆయన ఫోను, మొత్తం, కమీషను, హమాలీ, ఇచ్చింది, బాకీ. ఒక్కో అమ్మకానికి ఒక్కో వరుస. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి నెల పని కూడా బాగానే చేసింది.

మార్చి వచ్చేసరికి షీటులో ఓ చోట 'సమ్మయ్య', ఓ చోట 'సమ్మన్న', ఓ చోట 'సమ్మయ్య పర్కాల', ఇంకోచోట ఇంటిపేరు తగిలించిన సమ్మయ్య, మరోచోట ఇంగ్లిషు అక్షరాల్లో సమ్మయ్య. మనిషి ఒక్కడే. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఐదుగురు. ఐదుగురి బాకీలూ ఐదు చోట్ల!

దీన్ని తిరగేస్తే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. మేడారం జాతర జరిగే నేల ఇది. సమ్మక్క పేరు మీద సమ్మయ్యలు, సారలమ్మ పేరు మీద సారయ్యలు, ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నల పేరు మీద మల్లయ్యలు, కొమురయ్యలు ఊరూరా కనిపిస్తారు. ఒకే ఊళ్లో ఇద్దరు సమ్మయ్యలుంటే ఆ షీటు ఇద్దరినీ కలిపి ఒక్కరిని చేసేస్తుంది. ఒకరి మిర్చి డబ్బులు ఇంకొకరి బ్యాంకు ఖాతాకు వెళ్లిపోతాయి. ''సేటూ, నా పైసలు ఇంకా రాలే'' అని ఒకాయన ఫోన్ చేస్తాడు. ''సోమవారమే పంపినం గదా సమ్మన్నా'' అంటాడు గుమాస్తా. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మధ్యలో పిల్ల పెళ్లికో, ఎరువుల బాకీకో ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకున్న ఇల్లు ఆగిపోతుంది.

తాతల పుస్తకంలోనే ఉంది

తమాషా ఏమిటంటే, కంప్యూటర్ రాకముందు ఇదే దుకాణంలో ఈ పొరపాటు ఇంత సులువుగా జరిగేది కాదు. అప్పట్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఆ రోజు జరిగింది జరిగినట్టు వరసగా చిట్టాలో పడేది. ఆవర్జాలో ఒక్కో మనిషికి ఒక్కో పుట. చిట్టాలో పద్దు రాసి, దాని పక్కన ఆవర్జా పుట నంబరు వేసేవాళ్లు. పర్కాల సమ్మయ్యది 47వ పుట అనుకుందాం. అదే ఊరి ఇంకో సమ్మయ్యది 112వ పుట. తండ్రి పేరు, వాడకట్టు, ఎవరి ద్వారా వచ్చాడు వంటివన్నీ ఆ పుట నెత్తిన ఒక్కసారే రాసి ఉండేవి. చిట్టాలో ప్రతిసారీ ఆ పురాణమంతా రాయనక్కర్లేదు. 47 అని వేస్తే సరి.

డేటాబేస్ పాఠాల్లో 'కీ' అంటూ చెప్పేది ఈ పుట నంబరు గురించే. కొత్తగా వచ్చిన ఎక్సెల్ షీటు రెండు పుస్తకాలనూ కలిపి ఒకటి చేసి, ఆ నంబరును పారేసింది. చిక్కంతా అక్కడ మొదలైంది.

కంప్యూటర్ ప్రపంచానికి కూడా ఈ సంగతి వెంటనే తట్టలేదు. 1960లలో సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి వేలాడదీసి పెట్టేవారు. ఏ వివరం కావాలన్నా ఏ కొమ్మ పట్టుకుని దిగాలో ప్రోగ్రాము రాసేవాడికి తెలిసి ఉండాలి. 1970 జూన్‌లో ఎడ్గర్ కాడ్ ఓ వ్యాసం అచ్చువేశాడు. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఆ తర్వాత అమెరికాలో ఐబీఎంలో చేరిన గణితజ్ఞుడాయన. కొమ్మలూ రెమ్మలూ వద్దు, అన్నింటినీ మామూలు పట్టికలుగా పెట్టండి, ఒక పట్టికలోని నంబరే ఇంకో పట్టికకు దారి చూపిస్తుంది అన్నది ఆయన మాటల సారం. 1974లో అదే ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నలడగడానికి ఓ భాష తయారుచేశారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇవాళ బ్యాంకుల పద్దుల నుంచి మన ఆండ్రాయిడ్ ఫోన్లో దాచుకున్న నంబర్ల దాకా ఆ పట్టికల పద్ధతిలోనే ఉన్నాయి. ఏనుమాముల నుంచి కొద్ది దూరంలోనే, కాజీపేట దగ్గరి నిట్‌లో కంప్యూటర్ సైన్సు పిల్లలు దీన్నే 'నార్మలైజేషన్' పేరుతో చదువుకుంటారు. పేరు వింటే భయమేస్తుంది కానీ మన గుమాస్తాకు చెబితే ''ఓస్, ఇంతేనా!'' అంటాడు.

షీటును విడదీద్దాం రండి

పని మొదలుపెట్టాల్సింది కంప్యూటర్ ముందు కాదు. ఓ పది పాత తక్‌పట్టీలు బల్లమీద పరిచి, తెల్లకాగితం తీసుకోండి. వాటిలో ఏవి మనుషుల గురించి, ఏవి సరుకు గురించి, ఏవి ఆ రోజు జరిగిన సంగతుల గురించి చెబుతున్నాయో విడదీయండి.

మన దుకాణం విషయానికొస్తే, రైతులు ఒక పట్టిక. ప్రతి రైతుకూ దుకాణం ఇచ్చిన ఓ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరి నంబరు, ఫోను, బ్యాంకు ఖాతా. ఖరీదుదారులు ఇంకో పట్టిక. ఊళ్లు ఒకటి. మిర్చి రకాలు ఒకటి. ఆ తర్వాత అసలు వ్యాపారం నడిచే లాట్ల పట్టిక. అందులో లాట్ నంబరు, తేదీ, రైతు నంబరు, రకం నంబరు, ఖరీదుదారు నంబరు, బస్తాలు, తూకం, ధర. అంతే. రైతు ఫోను నంబరుకు ఇక్కడ పనేం లేదు. అది లాట్ గురించిన సంగతి కాదు, మనిషి గురించిన సంగతి. ఫోను మారితే రైతుల పట్టికలో ఒక్కచోట దిద్దితే చాలు, ఆయన తెచ్చిన నలభై లాట్లకూ కొత్త నంబరే కనిపిస్తుంది.

ఒక రైతు తెచ్చిన బస్తాలన్నీ ఒకే లాట్ కావాలని లేదు. మంచి కాయ ఒక ధరకు, తాలు ఇంకో ధరకు పోతుంది. కొన్నిచోట్ల దీనికోసం 'ధర 1, ధర 2, ధర 3' అని గళ్లు పెంచుకుంటూ పోతారు. నాలుగో ధర వచ్చిన రోజు ఏం చేస్తారో మరి! గళ్లు పెంచడం మొదలైందంటే ఇంకో పట్టిక కావాలని అర్థం. మంచి కాయ ఒక వరుస, తాలు ఇంకో వరుస. రెండిటికీ రైతు నంబరు ఒకటే.

జిల్లా పేరు మార్చడమెంతసేపు?

ఊళ్లకు వేరే పట్టిక ఎందుకు, ప్రతి వరుసలో రాసుకుంటే పోలా అనిపిస్తుంది. వరంగల్ వాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు అనుభవంలోనే ఉంది. పర్కాలనే చూడండి. 2014 జూన్ 2న రాష్ట్రం పేరు మారింది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు అది వరంగల్ రూరల్‌కు వెళ్లింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ, రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయ్యాయి. అప్పుడు పర్కాల హనుమకొండ జిల్లాలో చేరింది. ఊరు ఉన్నచోటే ఉంది. చిరునామా ఏడేళ్లలో మూడుసార్లు మారింది.

పదివేల వరుసల్లో జిల్లా పేరు రాసుకున్న షీటులో ఈ మార్పులు చేయాలంటే తలప్రాణం తోకకొస్తుంది. పైగా 'వరంగల్' అని ఉన్న గడి పాత వరంగల్ జిల్లానా, కొత్తదా? చెప్పేవాళ్లుండరు. ఊళ్ల పట్టిక విడిగా ఉంటే పర్కాల వరుసలో ఒక్క గడి దిద్దితే పని అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ... ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టే వీలుండదు. జాబితాలోంచి ఎంచుకోవడమే.

విత్తనానికిచ్చిన అడ్వాన్సు ఎక్కడ రాయాలి?

జులైలో ఓ కొత్త రైతు వచ్చి మిర్చి నారుకో, మందులకో అడ్వాన్సు తీసుకున్నాడు. సరుకు వచ్చేది జనవరి తర్వాతే. అమ్మకానికో వరుస ఉన్న షీటులో ఆయనకు చోటేదీ? అమ్మకమే లేదు కదా. చాలామంది చేసేదేమిటంటే, సున్నా బస్తాలు, సున్నా ధరతో ఓ దొంగ వరుస సృష్టిస్తారు. ఏడాది చివర ఎన్ని లాట్లు అమ్మామని లెక్కేస్తే ఆ సున్నాలూ అమ్మకాలుగా వచ్చి కూర్చుంటాయి.

చెరిపేటప్పుడూ ఇదే తంటా. పాత అమ్మకాలు బరువైపోయాయని రెండేళ్ల కిందటి వరుసలు తీసేస్తే, ఆ ఏడాది మాత్రమే కొన్న ఖరీదుదారు చిరునామా కూడా వాటితోపాటే పోతుంది. ఆయన ఇంకా బాకీ ఉన్నాడని తర్వాత గుర్తొస్తే ఎక్కడని వెతుకుతారు? రైతులు, ఖరీదుదారులు, లాట్లు, చెల్లింపులు వేర్వేరు పట్టికల్లో ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. అడ్వాన్సు చెల్లింపుల పట్టికలో ఓ వరుస. అంతటితో సరి.

చెల్లింపుల దగ్గరే అందరూ తడబడేది. ఖరీదుదారు ఒకే చెక్కుతో ఇరవై లాట్ల డబ్బు ఇస్తాడు. పైగా అందులో చివరి లాట్‌కు సగమే. మిగతా సగం వచ్చే వారం. లాట్ల పట్టికలో 'చెక్కు నంబరు' గడి పెడదామంటే ఆ చివరి లాట్‌కు రెండు చెక్కులవుతాయి. చెక్కుల పట్టికలో 'లాట్ నంబర్లు' అని పెట్టి '311, 312, 315' అని కామాలతో రాద్దామంటే కంప్యూటర్ దాన్ని కూడలేదు. దీనికి మందు రెండింటి మధ్యా ఓ సన్నటి పట్టిక. మూడే గళ్లు. చెక్కు నంబరు, లాట్ నంబరు, అందులోంచి దీనికి సర్దిన మొత్తం. ఇరవై లాట్లకు ఇరవై వరుసలు. ఎవరికి ఎంత రావాలో, ఏ లాట్ మీద ఎంత ఆగిందో అప్పుడు ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. పాత గుమాస్తాలు చెక్కు వెనక పెన్సిలుతో రాసుకున్న లెక్కే ఇది. పెన్సిలు బదులు పట్టిక.

బాకీకి విడిగా గడి పెట్టకండి. లాట్ 311 తూకం 5.10 క్వింటాళ్లు, ధర 14,200 అనుకుందాం. మొత్తం 72,420 రూపాయలు. తర్వాత కాంటా చీటీ చూసుకుంటే తూకం 5.01 అని తేలింది. తూకం దిద్దారు, మొత్తం దిద్దడం మరిచారు. 1,278 రూపాయల తేడా ఎక్కడ నుంచి వచ్చిందో సీజను అయిపోయాక ఎవరూ చెప్పలేరు. లెక్కగట్టి తెలుసుకోగలిగింది కంప్యూటర్‌నే కట్టనివ్వాలి. రైతు చేతికిచ్చిన తక్‌పట్టీ నకలు మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకోవాల్సిందే.

మోటుపల్లి శాసనం, మన రేట్ల పట్టిక

రేట్లు ఒకచోట, వర్తకులు ఒకచోట పెట్టడం మనకు కొత్తేం కాదు. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకును ఇకమీద లాక్కోబోమని మాట ఇస్తూ, గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు వంటి సరుకులకు దేనికెంత సుంకమో రాతిమీద చెక్కించాడు. వచ్చిన ప్రతి వర్తకుడి పేరు పక్కనా సుంకం చెక్కలేదు. సరుకును బట్టి రేటు. రేటు ఒక్కచోట. ఎవరొచ్చినా ఆ రాయి దగ్గరే చూసుకోవాలి.

దుకాణంలో కమీషను, హమాలీ, పన్ను రేట్లకూ అలాంటి రాయి ఒకటి కావాలి. అయితే మన రాయి మీద తేదీ కూడా ఉండాలి. 2005 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. పాత రేటును చెరిపి కొత్తది రాస్తే పాత బిల్లులన్నీ కొత్త రేటుతో లెక్కకు వస్తాయి. అందుకే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇంత అని ఒక్కో రేటుకు ఒక్కో వరుస పెట్టాలి.

మిర్చి ధర సంగతి పూర్తిగా వేరు. 'ప్రతి సంగతీ ఒక్కచోటే' అన్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని తేజ ధరను రకాల పట్టికలో రాస్తే కొంప మునుగుతుంది. ఈ రోజు జెండా పాట ధర రేపు ఉండదు. జెండా పాట పలికిన ధర అందరి రాశికీ రాదు కూడా. ధర ఆ లాట్‌కు చెందిన సంగతి, రకానికి చెందింది కాదు. కాబట్టి అది లాట్ వరుసలోనే ఉండాలి.

కౌలు రైతుకు పాస్‌బుక్ ఎక్కడిది?

ఇక ఆ నంబరు సంగతి. రైతును గుర్తించడానికి దుకాణం సొంతంగా ఓ నంబరు ఎందుకివ్వాలి, ఫోను నంబరు వాడుకోవచ్చుగా అంటారు. సమ్మయ్య ఇచ్చేది కొడుకు ఫోను. రేపు కొడుకే సొంతంగా మిర్చి తెస్తాడు. అప్పుడు తండ్రీకొడుకులు ఒక్కరైపోతారు. ఆధార్ నంబరును అడిగి ప్రతి పట్టికలో పరచడం ఇంకా ప్రమాదం. దుకాణంలో తలుపు తీసినవాడికల్లా కనిపిస్తుంది.

పట్టాదారు పాస్‌బుక్ నంబరు చూద్దామా? 2018లో తెలంగాణలో కొత్త పాస్‌బుక్కులు వచ్చాయి, దాంతో పాత నంబర్లు మూలపడ్డాయి. అంతకంటే పెద్ద చిక్కు కౌలు రైతుది. మిర్చి పండించిన చేతులు ఆయనవి, పాస్‌బుక్ భూమి యజమానిది. పాస్‌బుక్ నంబరు లేకుండా వరుస ఎక్కదని పట్టికలో నిబంధన పెట్టారనుకోండి. గుమాస్తా ఏం చేస్తాడు? ఎదురుగా ట్రాలీ నిలబడి ఉంది. యజమాని నంబరే వేసి కానిచ్చేస్తాడు. ఆ వరుస ప్రకారం మిర్చి యజమానిదైపోతుంది. డబ్బు కూడా అటే వెళ్లవచ్చు. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, తప్పనిసరి చేసిన ఓ గడి ఆ పని చేసిపెట్టింది. ఏ గడి తప్పక నింపాలి, ఏది ఖాళీగా ఉండొచ్చు అన్నది సాఫ్ట్‌వేరు కుర్రాడికి వదిలేయకుండా సేటు కూర్చుని తేల్చుకోవాల్సింది ఇందుకే.

2016 ఏప్రిల్ 14న దేశంలో మొదలైన ఇ-నామ్ పద్ధతిలో గేటు దగ్గరే సరుకుకు లాట్ నంబరు పడుతుంది. దాన్ని లాట్ల పట్టికలో ఓ గడిలో రాసి పెట్టుకుంటే మార్కెట్ లెక్కతో మన లెక్క సరిచూసుకోవడం తేలిక.

ఎక్సెల్ తప్పేం లేదు

ఇంత చెప్పాక ఎక్సెల్ మీద కోపం తెచ్చుకోవద్దు. లెక్కలు వేయడానికి, బొమ్మలు గీయడానికి దాన్ని మించింది లేదు. పద్దుల పుస్తకంగా వాడినప్పుడే తంటా. పెద్దవాళ్లూ పడ్డారు ఆ గోతిలో. 2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండులో కొవిడ్ ఫలితాలను పాత ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తుంటే, ఆ పాత రకం షీటులో 65,536 వరుసలకు మించి పట్టవన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. దాదాపు 16 వేల కేసులు లెక్కలోంచి జారిపోయాయి. వాళ్లతో తిరిగినవాళ్లకు హెచ్చరికలు ఆలస్యమయ్యాయి.

చిన్న దుకాణానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. పాతికేళ్ల కిందట ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న ప్రోగ్రాములతో నెట్టుకొచ్చిన దుకాణాలు బోలెడు. ఇవాళ లిబ్రే ఆఫీస్ బేస్ ఉచితం. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ కూడా ఉచితమే. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ కొనుక్కున్నా సరే. కాగితం మీద పట్టికలు సరిగ్గా గీసుకుంటే దేంట్లోనైనా నడుస్తుంది. రాత్రి దుకాణం మూసేటప్పుడు ఓ నకలు పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకెళ్లడం మాత్రం మరవొద్దు.

పాత షీటును కొత్త పట్టికల్లోకి మార్చే పని సీజన్లో పెట్టుకోకూడదు. రద్దీ తగ్గాక, మే చివర్లో తీరిగ్గా కూర్చోవాలి. కంప్యూటర్ ముందు కొడుకు, పక్కన పాత గుమాస్తా. ''ఈ సమ్మన్న, ఆ సమ్మయ్య ఒక్కరేనా?'' అని అబ్బాయి అడగాలి, ముఖాలు తెలిసిన గుమాస్తా చెప్పాలి. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. గుమాస్తాకూ అనుమానం ఉన్నచోట ఇద్దరిగానే ఉంచాలి. విడివిడిగా ఉన్న ఇద్దరిని తర్వాత కలపడం తేలిక, ఒకసారి కలిపేసిన ఇద్దరిని విడదీయడం కష్టం. పాత షీటును చెరపకుండా పక్కన పెట్టుకోవాలి.

రైతు నంబరును తక్‌పట్టీ మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేయించండి. వచ్చే జనవరిలో పర్కాల సమ్మయ్య ట్రాలీ దిగి ఆ చీటీ చూపిస్తే సరిపోతుంది. చీటీ పోగొట్టుకుని వస్తే మాత్రం గుమాస్తా తండ్రి పేరు, ఊరు అడిగి, జాబితాలో వచ్చిన ఇద్దరు సమ్మయ్యల్లో ఎదురుగా ఉన్నది ఎవరో అడిగి తెలుసుకున్నాకే కాంటా వేయాలి.